పాప తెనాల్లో ఉంది

రైలు కదిలింది. కదిలిన సంగతి నాకన్నా ముందు నా గుండెల మీదున్న దీనికి తెలిసింది. ఒక్కసారి ముడుచుకుని మళ్ళీ వదులైంది, గుప్పిట్లో పిచ్చుక రెక్కలు సర్దుకున్నట్టు. పైట కాస్త పక్కకి తీసి చూస్తే నడినెత్తి ఒక్కటే కనిపిస్తుంది. నల్లటి నూగు, నూగు కింద మాడు, మాడు కింద టకటకా కొట్టుకునే ప్రాణం. ఇంత పలచటి మూత వేసి లోకంలోకి పంపించాడు దేవుడు, ఎంత ధైర్యం ఆయనకి! నూలుగుడ్డతో నా ఒంటికి కట్టేసి ఉంది పిల్ల. కంగారూ కట్టు అంటారు దీన్ని ఆస్పత్రిలో. గుడ్డ ఎక్కడ బిగించాలో, తల ఏ పక్కకి తిప్పాలో నర్సు ఫ్లోరెన్స్ గారు మూడు రోజులు దగ్గర కూర్చుని నేర్పారు. "నీ ఒళ్ళే దీనికి ఇల్లమ్మా. రెండు కేజీలు దాటేదాకా ఇల్లు మారనివ్వకు," అన్నారు. పుట్టినప్పుడు పదహారు వందల గ్రాములు. ఇవాళ పొద్దున డిశ్చార్జి చేస్తూ తూస్తే పందొమ్మిది వందల యాభై. ఇరవై మూడు రోజుల్లో ఈ మూడు వందల యాభై గ్రాముల మనిషి ఎక్కడినుంచి వచ్చింది? నా పాలలోంచే అంటారు. ఆస్పత్రి క్యాంటీన్ ఇడ్లీలోంచీ, మా ఆయన తెచ్చిన బొప్పాయికాయ కూరలోంచీ కనుబొమలు మొలిచాయంటే, గోళ్ళు మొలిచాయంటే, బీఎస్సీ చదివినదాన్ని నాకే నమ్మబుద్ధి కావడం లేదు.

మా ఆయన దేవదానం పక్కన సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. రేపల్లె బజారులో పొలాల మోటార్లకి వైండింగ్ చేసే కొట్టు ఆయనది. వెంట్రుకంత రాగితీగని వేలు తెగకుండా, వరస తప్పకుండా వెయ్యి చుట్లు చుట్టగల మనిషి, పిల్లని ఎత్తుకోమంటే చేతులు వెనక్కి దాచుకున్నాడు. తెనాలి నుంచి కారు మాట్లాడతానన్నాడు. నేనే వద్దన్నాను. కారు ఎగరేస్తుంది, కుట్లు తట్టుకోలేవు, రైలైతే ఊపుతుందంతే అన్నాను. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. కారైతే కాసేపట్లో ఇంటి ముందు దిగిపోతాం. ఈ రైలు చినరావూరులో ఆగుతుంది, జంపనిలో ఆగుతుంది, వేమూరులో, పెనుమర్రులో, భట్టిప్రోలులో, పల్లికోనలో, ఎవరూ ఎక్కకపోయినా మర్యాదకి ఆగుతుంది. నాకు ఆ గంట కావాలి. రేపల్లె స్టేషన్లో మా అత్తయ్య ముగ్గురు పిల్లల్నీ వెంటేసుకుని నిలబడి ఉంటుంది. ఆ ముగ్గురిలో చిన్నది నన్నొక ప్రశ్న అడిగి ఇరవై రోజులైంది. జవాబు నా దగ్గర లేదు. రైలు దిగేలోపు దొరకాలి.

"అక్కడ పాపుంటే, మరి నేనెవర్ని?"

అదీ ప్రశ్న. అడిగింది మూడున్నరేళ్ళ మనిషి.

తప్పంతా ఆ మాటది. పెద్దవాడు బెన్నీ, నాలుగో తరగతి. రెండోవాడు ఎబినేజర్, ఒకటో తరగతి. ఇద్దరు మగపిల్లల తర్వాత ఆడపిల్ల పుట్టేసరికి ఇల్లంతా ఒకటే కేక, పాప, పాప. గుళ్ళో బాప్తిస్మమిచ్చి పాస్టరు గారు జెన్నిఫర్ అని పేరు పెట్టారు. పేరు నేను ఎంచుకున్నదే, కాగితం మీద నాలుగుసార్లు రాసుకుని మురిసిపోయాను కూడా. గుళ్ళోంచి ఇంటికొచ్చేలోపు ఆ పేరు దారిలోనే ఎక్కడో జారిపోయింది. మా అత్తయ్య ఏసమ్మకి అది నోరు తిరగలేదు. జన్నీపరు అంది ఒకసారి, జెనిపెరు అంది ఒకసారి, "ఎందుకొచ్చిన గొడవే, పాప చాల్లే," అని తేల్చేసింది. పాప అన్నం తిందా, పాప పడుకుందా, పాప చెప్పులేవి. ఆ పిల్లకి అదే పేరు. మొన్న జూలైలో అంగన్‌వాడీలో చేర్చాం. టీచరు గారు రిజిస్టరు తీసి జెన్నిఫర్ అని మూడుసార్లు పిలిచిందట. మాది ఎదురుగానే కూర్చుని చిక్కీ కొరుక్కుంటోందట. నాలుగోసారి మాదాన్నే అడిగిందట, ఏమ్మా, జెన్నిఫర్ మీ ఇంట్లోనే కదా అని. "మా ఇంట్లో ఉండదండి. ఇక్కడే ఉంటదేమో, చూడండి," అందట మర్యాదగా. ఆ రోజు నుంచి మధ్యాహ్నం ఇచ్చే గుడ్డు తెచ్చి మా అత్తయ్యకి చూపించడం, "ఇది జెన్నిఫర్ గుడ్డు నానమ్మా. జెన్నిఫర్ ఇయ్యాల కూడా రాలా. నాకిచ్చారు," అనడం. మేం పడీ పడీ నవ్వాం. రోజూ నవ్వాం. ఎవరో ఒక పిల్ల తిండి తను తినేస్తున్నానని దానికి లోలోపల బాధ ఉందేమో, ఆ ఊహ మాకెవరికీ రాలేదు.

నాకు రావాలి కదా! నేను టీచర్ని. చెరుకుపల్లి పక్కన పల్లెలో ప్రైమరీ స్కూలు, పదకొండేళ్ళ సర్వీసు. ఏటా జూన్‌లో ఇదే తంతు చూస్తాను. హాజరు పట్టీ తెరిచి శ్రీకర్ అంటాను, ఎవడూ పలకడు. హాసిని అంటాను, గోడ మీద బల్లి కూడా కదలదు. నాని ఎవర్రా, చిట్టి ఎవరే అంటే ఒకేసారి నాలుగు చేతులు లేస్తాయి. పిల్లల్ని దింపడానికొచ్చిన తల్లుల్ని నిలబెట్టి క్లాసు పీకేదాన్ని, పిల్లకి సొంత పేరు తెలియకపోతే ఎట్టాగమ్మా, రేపు తప్పిపోతే ఏమని చెప్పుకుంటుంది అని. వాళ్ళు పాపం పైట నోటికి అడ్డం పెట్టుకుని, అవునండి, నిజమేనండి, మీరు చదువుకున్నవారు అనేవారు. బాపట్లలో ట్రైనింగప్పుడు హనుమంతరావు సారు శిశు మనస్తత్వం చెప్పేవారు. పిల్లకి మొదటి సొత్తు తన పేరు, అది ఇంకొకళ్ళకి ఉందని తెలిసిన రోజు ఇంట్లో దొంగలు పడ్డట్టుంటుంది దానికి, అనేవారు. సముద్రం గాలి కిటికీలోంచి కొడుతుంటే నోట్సు రాసుకున్నాను, పరీక్షలో అదే రాసి మార్కులూ తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి నా కూతుర్ని పాపా అని పిలుచుకున్నాను.

జంపని. ఆగింది. ఒకాయన పాలక్యాను ఎక్కించాడు. చప్పుడుకి ఇది కళ్ళు తెరవకుండానే నుదురు ముడిచింది, ముసలి పెద్దమనిషికి కోపం వచ్చినట్టు. ఆ ముడత ఎక్కడిది? మా నాన్న చిన్నయ్యది. మా నాన్న పోయి ఆరేళ్ళు. ఆయన ముడత మాత్రం ఎక్కడో దాక్కుని, ఇద్దరు కొడుకుల్ని దాటి, ఒక కూతుర్ని దాటి, దీని నుదుటి మీదకి వచ్చి కూర్చుంది. బాక్సులో ఉన్నప్పుడు మొదటిసారి చూశానా ముడతని. అద్దాల బాక్సు, ముక్కులో గొట్టం, పాదానికి ఎర్ర దీపం, మా ఆయన బొటనవేలంత పాదం. ఆ పాదానికి పట్టీ కట్టి రాశారు, బేబీ ఆఫ్ స్వర్ణలత. పేరు లేదు. ఈ లోకంలో దాని అడ్రసు నేనే. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తీసుకెళ్ళారు నన్ను. కడుపు కోసిన నొప్పి, మత్తు దిగని కళ్ళు. అద్దం దగ్గరికెళ్ళి చూశాను. ఎముకలు లెక్కపెట్టొచ్చు. ఒక్కో ఊపిరికీ ఆ పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతుంది, ఇక రాదేమో అనిపిస్తుంది, వస్తుంది. పోతుంది, వస్తుంది. ఎవరు చెప్పారు దానికి ఊపిరి తీయమని? ఎవరు నేర్పారు? ఏడు వారాలు ముందే, చెప్పాపెట్టకుండా, సిలబస్ పూర్తి కాకుండానే వచ్చేసిన పిల్ల, ఈ ఒక్క పాఠం మాత్రం ఎక్కడ బట్టీ పట్టింది? ఏడుపు రాలేదు నాకు. నవ్వొచ్చింది, అదీ పెద్దగా. ఫ్లోరెన్స్ గారు భయపడి నా భుజం పట్టుకున్నారు. మా ఆయన బాక్సుకున్న గుండ్రటి కంతలోంచి చెయ్యి పెట్టాడు, మోటారు వార్నిష్ మరక ఎంత కడిగినా పోని వేలు. ఆ వేలిని ఇది పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు. కరెంటు షాకులు ఎన్నో తిన్న మనిషి, "స్వర్ణా, లాగుతోందే," అన్నాడు. అప్పుడు నా నోట్లోంచి వచ్చింది ఆ మాట. పాపా అన్నాను. ఎవరో అనిపించినట్టు, లోపలినుంచి, నాభి దగ్గర్నుంచి. ఆ మాట మూడున్నరేళ్ళ కిందటే ఒకళ్ళకి ఇచ్చేశానని ఆ నిమిషంలో గుర్తు లేదు. ప్రమాణంగా లేదు.

ఇది పుట్టిన రోజు పొద్దున బడికి వెళ్తూ దానికి చెప్పిన మాట మాత్రం గుర్తుంది. రెండు పిలకలు వేసి, ఒక రిబ్బను దొరక్కపోతే సాయంత్రం వచ్చి వెతుకుతాలే అన్నాను. "సాయంత్రం వస్తావా?" "వస్తా పాపా." "ఒట్టు?" "ఒట్టు." క్రైస్తవులం ఒట్లు పెట్టకూడదని వెనకనుంచి మా అత్తయ్య. మొదటి పీరియడ్లో హాజరు పిలుస్తూండగానే ఉమ్మనీరు పోయింది. బెంచీల మధ్య నీళ్ళు చూసి, టీచర్ బాటిల్ పడేసుకుంది అని నవ్వారు పిల్లలు. అక్కడినుంచి ఆటోలో రేపల్లె, రేపల్లె ఆస్పత్రి వాళ్ళు ఇక్కడ బాక్సు లేదమ్మా అంటే అంబులెన్సులో తెనాలి. దారిలో అంతా నేను అనుకున్నది పుట్టబోయేదాని గురించి కాదు, ఆ రెండో రిబ్బను గురించి.

ఎదురు సీట్లో పెద్దావిడ తెనాల్లో ఎక్కినప్పటినుంచీ నన్నే చూస్తోంది. ఒళ్ళో వైరు బుట్ట, చెవులకి పాతకాలం దిద్దులు. నా పైట కింద ఏదో కదిలి కీచుమన్నదో లేదో, బుట్ట పక్కన పెట్టి ముందుకి వంగింది.

"అయ్యో, లోపల పిల్లుందా! నేనింకా గుడ్డల మూటనుకున్నా. ఎన్నో కానుపమ్మా?"

"నాలుగోదండి."

"నాలుగా!" అంటూ నన్ను వదిలేసి మా ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. ఆయన తనకేమీ సంబంధం లేనట్టు కిటికీలోంచి కరెంటు స్తంభాలు చూస్తున్నాడు. "ఏం అబ్బాయా, మీ ఇంట్లో టీవీ లేదా?"

"ఉందండి. రిమోటు పిల్లల చేతిలో ఉంటది," అన్నాడు స్తంభాల మీంచి చూపు తిప్పకుండానే.

ఆవిడ పకపకా నవ్వింది. నవ్వితే కుట్లు లాగుతాయని నేను పెదవి కొరుక్కున్నాను. మగపిల్లాడి కోసమా అంది. ముందు ఇద్దరూ మగపిల్లలేనండి అన్నాను. మరెందుకమ్మా అంది. ఎందుకని చెప్పను? మూడోదాని తర్వాత ఆపరేషను అనుకున్నాం, బడి సెలవులు కలిసిరాక వాయిదా వేశాం, మళ్ళీ వేశాం. మా స్టాఫ్ రూములో నవ్వారు, గుళ్ళో నవ్వారు, మా అత్తయ్య మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని అరగంట కృతజ్ఞత చెప్పి, లేచి, నాకు వినబడేలా "దేవుడికేం, ఇస్తాడు, గుడ్డలుతికేది నేను," అంది. ఇవన్నీ ఆవిడకెందుకు?

"వచ్చిందండి," అన్నాను.

"అంతేలే, వచ్చేవాళ్ళు వస్తారు. పేరేం పెట్టారు?"

"ఇంకా లేదండి."

"పాప అంటే పోలా, అందాకా."

"పాప ఇంట్లో ఉందండి," అన్నాను. చెప్పేశాను. రైల్లో ఎదురు సీటు మనిషికి చెప్పగలిగినట్టు అమ్మకి కూడా చెప్పలేం. ఫోన్ సంగతి చెప్పాను. పుట్టిన మూడో రోజు మా అత్తయ్య ఫోన్ పిల్ల చెవికి పెట్టింది. నేను ఉత్సాహంగా, తమ్ముడు కాదు, చెల్లెలు పుట్టింది, ఇక్కడ పాపుందే, చిన్న పాప, బాక్సులో పాప అని వాగాను. అవతల ఊపిరి వినబడుతోంది. జలుబు చేసింది దానికి, ముక్కుతో ఈల. అంతసేపు ఆలోచించి అడిగింది ఆ ప్రశ్న. నేను నోరు తెరిచేలోపు సిగ్నల్ పోయింది. సిగ్నల్ పోయిందో, నాకు మాట రాక నేనే కట్ చేశానో, ఇప్పటికీ నాకు నేను సరిగ్గా చెప్పుకోలేదు. మర్నాటి నుంచి ఫోన్ మోగితే చాలు మంచం కిందకి దూరడం. వీడియో కాల్లో మంచంకోళ్ళు కనిపించేవి, వాటి మధ్య రెండు మడమలు. నాలుగు రోజుల కిందట మా అత్తయ్య గొంతు మార్చి చెప్పింది, "రాత్రి కంచం నెట్టేసిందే. తిను పాపా అంటే, పాప ఇక్కడ లేదు, పాప తెనాల్లో ఉంది, పాప అన్నం తినదు, పాలే తాగుద్ది అంటంది. నాకు భయమేసింది." అది విన్నప్పుడు ఇది నా ఒంటి మీదే ఉంది, నిద్రలో. పాలు చేపాయి. ఇది అడగలేదు, ఆకలి లేదు, ఆ ఊళ్ళో మంచం కిందున్నదాని కోసం చేపాయి. ఏడాదిన్నర కిందట పాలు మాన్పించిన పిల్ల కోసం. ఒంటికి ఏ పాపో తెలియదు. పాప అంటే చాలు, ఇచ్చేస్తుంది.

పెద్దావిడ విన్నది. "దీనికింత ఆలోచనేంటమ్మా? పెద్దపాప, చిన్నపాప. మా ఇంట్లో అదే చేశారు. నేనే పెద్దపాపని," అంది. అని, నవ్వబోయి, వైరు బుట్టలో మందుల చీటీ సర్దింది. "అప్పుడు నాకు రెండున్నరేళ్ళంట. మధ్యాన్నం చెల్లెలు పుట్టింది, సాయంత్రానికి నేను పెద్దదాన్నయ్యా. ఆ తర్వాత నన్నెవరన్నా ఎత్తుకున్నట్టు గుర్తు లేదమ్మా నాకు. ఇప్పుడు అరవై ఎనిమిది. అది చిన్నపాపే ఇంకా. దానికి మోకాళ్ళ నొప్పులంటే నేనే తెనాలి పోయి మందులు తెస్తన్నా, నాకేమో నొప్పులు లేనట్టు."

"మీ అసలు పేరేంటండి?"

"వెంకటరత్నం. ఆధార్ కార్డుకి తెలుసు. మనిషెవరూ పిలవలా."

వేమూరు దాటాక చేలు మొదలయ్యాయి. కోతలు. ఇటు కోసినవి, అటు కోయనివి. కోయనిచోట పైరు బంగారంలా ఉందని అనను, ఎండిన కొబ్బరిపీచు రంగులో ఉంది, వెన్ను బరువుకి ఒక పక్కకి వాలి. ఆ వాలిన పైరు కిందే అప్పటికే మినుములు చల్లేసి ఉంటారు. మా నాన్న ఆ పనిలో మొనగాడు. ఊళ్ళో రైతులు కోతకి రెండు మూడు రోజుల ముందు చిన్నయ్యని రమ్మని కబురు పెట్టేవాళ్ళు. చేలో ఇంకా తేమ ఉండగానే, నిలబడ్డ పైరులోకి దిగి, మోకాలెత్తు వరిలో నడుస్తూ గింజలు విసిరేవాడు. చిన్నప్పుడు గట్టు మీద కూర్చుని నేను అడిగాను, వరి కోసేశాక చల్లొచ్చుగా నాన్నా, కోసేవాళ్ళు తొక్కరా మొలకల్ని అని. "ఆగితే తేమ ఆరిపోద్దమ్మా. పైది నిలబడుండగానే కిందది మొలవాలి. తొక్కితే ఏం కాదు, చూసుకుని తొక్కుతారు," అన్నాడు. ఇప్పుడు కోత మిషన్లు, వాటికి చూసుకోవడం లేదు, చక్రాల కింద బారుగా మొలకలు చచ్చిన చారలు ఇక్కడినుంచి కూడా కనిపిస్తున్నాయి. చారల మధ్య మాత్రం పచ్చగా, రెండేసి ఆకులతో. పైరుకి తెలుస్తుందా, కాళ్ళ దగ్గర ఇంకొకటి లేస్తోందని? తెలిస్తే ఏమనుకుంటుంది? నేను ఆ పైరుకి మూడున్నరేళ్ళనుకున్నాను. చూసుకుని తొక్కాలి. చూసుకుని. ఎట్టా చూసుకోను, రెండు చేతులూ దీని కింద ఉంటే?

దేవదానం నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాడు. "ఏం ఆలోచిస్తన్నావ్?"

"ఏమని పిలవాలి దాన్ని?"

"ఎవర్ని, దీన్నా?"

"దాన్ని."

ఆయన సీసా మూతని వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. పెనుమర్రు వచ్చి పోయింది. "కాలిన వైండింగ్ విప్పేప్పుడు పాత చుట్లు ఎన్నో రాసుకోకుండా లాగేస్తే మళ్ళీ చుట్టలేం స్వర్ణా. అట్టా లాగేయకు," అన్నాడు. అర్థమైంది నాకు. కానీ అది మోటారు కాదు. జెన్నిఫర్ అని పిలుస్తాననుకోండి, ఇవాళ్టి నుంచి. నువ్వు నువ్వు కాదే, నువ్వెవరి గుడ్డు తింటున్నావో ఆ రాని పిల్లవే నువ్వు అని చెప్పడమే కదా. పెద్దపాప అంటే ఎదురు సీట్లోనే కూర్చుని ఉంది ఆ మాట ఏం చేస్తుందో. పోనీ ఇద్దరూ పాపలే అంటే, ఒక మాటలో ఇద్దర్ని పడుకోబెడితే, ఎవరో ఒకరు రాత్రికి మంచం కిందకి పోతారు. బుజ్జి, చిట్టి, అమ్ములు, అన్నీ నోటితో మెల్లగా అని చూశాను. అద్దెకి తెచ్చిన చీరల్లా ఉన్నాయి. పదకొండేళ్ళుగా వందల పేర్లు పిలిచిన నోరిది. ఒక్క పేరు దొరకడం లేదు.

భట్టిప్రోలులో పెద్దావిడ లేచింది. దిగబోతూ ఆగి, పైట తీయమని సైగ చేసి, దీని మాడు మీద వేలు ఆనీ ఆనకుండా పెట్టింది. "అబ్బ, ఎట్టా కొట్టుకుంటందో," అంది. ఇద్దరికీ తెలిసిన సంగతే, ఇద్దరం మొదటిసారి విన్నట్టున్నాం. ఆవిడ తలుపు దాకా వెళ్ళింది. "వెళ్ళొస్తారా వెంకటరత్నం గారూ," అన్నాను. ఆవిడ ఆగి, ఎవరినో పిలుస్తున్నారని పక్కకీ వెనక్కీ చూసింది. ఎవరూ లేరు. అప్పుడు తెలిసింది ఆవిడకి. "వస్తానమ్మా," అంది, అంతసేపటి గొంతు కాదది. ప్లాట్‌ఫారం మీద దిగాక కూడా ఒకసారి వెనక్కి చూసింది, మళ్ళీ పిలుస్తానేమోనని.

పల్లికోన. ఇది లేచింది. ఏడవలేదు. కళ్ళు తెరిచింది. ఇరవై మూడు రోజుల్లో సరిగ్గా తెరవడం నాలుగోసారో ఐదోసారో. నల్లగా, తడిగా, ఇంకా ఏమీ రాయని పలకల్లా. నన్ను చూస్తోందా, నా వెనక కిటికీ వెలుగు చూస్తోందా తెలియదు. ఏ పేరూ లేని చూపు. దానికి అమ్మ అన్న మాట తెలియదు, రైలు తెలియదు, తను అన్న సంగతే తెలియదు. పేరు లేకుండా కూడా ఒక మనిషి ఇంత నిండుగా ఉండొచ్చా? నేను స్వర్ణలతని కాకముందు ఇట్టాగే చూశానా మా అమ్మని? మంచం కింద ఉన్నదీ ఇట్టాగే చూసింది నన్ను, మూడున్నరేళ్ళ కిందట, ఇవే కళ్ళతో, అప్పుడు నేను తొందరపడి ఒక మాట ఇచ్చేశాను. ఈ కళ్ళ ముందు నాకు భయం వేసింది, గుళ్ళో ప్రభువు బల్ల దగ్గర మోకరించినప్పుడు వేసే భయం, పారిపోవాలనిపించని భయం.

రేపల్లె. ఇక పట్టాలు లేవు. రైలుకైనా ఇక్కడ ఆగక తప్పదు.

దేవదానం ముందు దిగి చెయ్యిచ్చాడు. సిమెంటు బల్ల దగ్గర మా అత్తయ్య, తెల్లచీర, నెత్తిన ముసుగు. మమ్మల్ని చూడగానే కళ్ళు మూసుకుని, చెయ్యెత్తి, ప్లాట్‌ఫారం మీదే ప్రార్థన అందుకుంది. ఆవిడ అందుకుంటే రైలు తిరిగి తెనాలి చేరినా ఆమేన్ రాదు. బెన్నీ, ఎబినేజర్ రెండు పక్కల్నుంచి నా మీదకి వచ్చి, కుట్లు గుర్తొచ్చి ఆగారు. నేను బల్ల మీద కూర్చుని పైట తీశాను.

"అమ్మా, ఎలకపిల్లలా ఉందేంటే," అన్నాడు ఎబినేజర్.

"నోర్ముయ్ రా, ముందే పుట్టింది. నాన్న చెప్పలా?" అన్నాడు బెన్నీ.

చిన్నది రాలేదు. మా అత్తయ్య చీర వెనకనుంచి సగం మొహం. రెండు పిలకలు, రెండు రిబ్బన్లు. ఎవరు వెతికి పెట్టారో. బుగ్గలు తగ్గాయి. నన్ను చూడటం లేదు, నా గుండెల మీదకి చూస్తోంది. గంటసేపు రైల్లో నూరిన మాటలన్నీ నాలిక మీదకి వచ్చాయి, ఒక్కటీ దాని మొహానికి సరిపోలేదు. ఆ పేరు లేని ఖాళీలో అదీ నేనూ ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం. ప్రభువా, నీవిచ్చిన దానిని బట్టి, అంటోంది పైనుంచి మా అత్తయ్య.

"దానికి పేరేంటి?" అంది. ఇరవై రోజుల తర్వాత నాతో మొదటి మాట.

"ఇంకా పెట్టలేదమ్మా."

"అస్సలు లేదా?"

"అస్సలు లేదు."

అది చాలా పెద్ద విషయంలా ఉంది దానికి. చీర వదిలింది. ఒక అడుగు, ఇంకో అడుగు. "మరి ఎట్టా పిలుస్తారు?"

అది దగ్గరికొచ్చి, చెయ్యి గౌనుకి రెండుసార్లు తుడుచుకుని, చూపుడువేలు పెట్టింది. ఇది పట్టుకుంది. అదే పట్టు, తెనాల్లో అద్దాల పెట్టెలో వార్నిష్ వేలిని పట్టుకున్న పట్టు. చిన్నదాని నోరు గుండ్రంగా తెరుచుకుంది. వేలు వెనక్కి తీసుకోలేదు. ముక్కులో ఈల ఇంకా ఉంది. మొహం దగ్గరికి తెచ్చి, తనని మేమందరం పిలిచే ఆ రాగంలోనే, మెల్లగా పిలిచింది.

"పాపా."

"ఒసే, పాప నువ్వు కదే!" అన్నాడు ఎబినేజర్.

"దీనికి లేదంటగా," అంది వాడి వైపు చూడకుండానే. "నాకింకోటుంది. అంగన్‌వాడీలో ఉంది. రేపెళ్ళి తెచ్చుకుంటా."

రేపు ఆదివారం, అంగన్‌వాడీకి తాళం వేసి ఉంటుంది. మా అత్తయ్య కళ్ళు తెరిచింది. ఆమేన్ అనకుండానే, నేను కాపరానికొచ్చాక మొదటిసారి, ప్రార్థన మధ్యలో ఆపేసింది.